పట్టీకి అంటిన నూనె

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. బళ్లో పాఠాలు చెప్పినన్నాళ్లూ కుర్చీ వాడింది తక్కువ. అలాంటివాణ్ణి, ఆ యంత్రం ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచీ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

మా ఆవిడకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి నేనే ఎత్తేవాణ్ణి. ఎత్తి ఎత్తి నా నడుం పోయింది. ఇంకోసారి ఎత్తారంటే ఇద్దరికీ మంచాలు వెయ్యాలి మాస్టారూ అన్నాడు అమలాపురం డాక్టరు. కాకినాడలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే మా అమ్మాయి, వాళ్ల కాలేజీలో తయారుచేసిన రోబోని తెచ్చిపెట్టింది. ఇది కుదిరితే సరే, లేకపోతే అమ్మని కాకినాడలో నర్సులుండే హోములో చేర్పిద్దామని తేల్చి చెప్పింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఈ నడుంతో ఏ మొహం పెట్టుకుని కాదంటాను.

రోబో అంటే మనిషిలా ఉంటుందనుకున్నాం. తీరా చూస్తే చక్రాల మీద ఓ ఇనప చెయ్యి, దానికి వేలాడే వెడల్పాటి పట్టీలు. వీపు వెనక, తొడల కింద పట్టీలు వేసి, మీట నొక్కి మనం తప్పుకుంటే చాలు, మెల్లగా లేపి కుర్చీలో దింపుతుంది. పట్టీ జారుతున్నట్టు తోస్తే మాత్రం ఎక్కడికక్కడ ఆగిపోయి కుయ్యిమంటుంది.

మొదటిరోజే ఆగింది. తప్పు మాదే. అంబాజీపేటలో పుట్టి పెరిగినవాళ్లం, మంచాన పడ్డ మనిషికి పొద్దున్నే ఒళ్లంతా కొబ్బరినూనె రాయకుండా ఎలా ఉంటాం? ఆ జిడ్డుకే పట్టీ జారింది. కుర్చీలో దింపాక రాయండి నాన్నగారూ అని అమ్మాయి నవ్వింది. పట్టీలు ఉతికి ఆరేసి, అలాగే చేశాను.

కొన్నాళ్లు బాగానే సాగింది. నాకే కాలు ఒకచోట నిలిచేది కాదు. వీధిలోకెళ్లి కొబ్బరికాయలెత్తే లారీల్ని చూసేవాణ్ణి, తిరిగొచ్చి ఫ్యాను వేసేవాణ్ణి, ఆపేవాణ్ణి. కాసేపు కుదురుగా ఉండరాదా అని ఆవిడ విసుక్కునేది.

ఆ తర్వాత యంత్రం మళ్లీ ఆగడం మొదలెట్టింది. ఆవిడ గాల్లో ఉండిపోతే, నడుం సంగతి మరిచి పరిగెత్తి పట్టుకునేవాణ్ణి. ఆవిడ ఎడంచెయ్యి నా మెడ చుట్టూ పడేది. నేను అమ్మాయికి ఫోన్ చేసి మీ చదువులు తగలెయ్య అని కేకలేశాను. ఆదివారం వచ్చి చూస్తాను, అప్పటికీ ఆగితే ఇక హోమే అంది.

శనివారం పొద్దున పట్టీలు వేసి, ఫ్యాను ఆపడానికి ఇటు తిరిగాను. మళ్లీ అటు చూసేసరికి ఆవిడ ఎడంచెయ్యి స్టూలు మీది నూనెగిన్నెలో ఉంది. వేళ్లు ముంచి తీరిగ్గా పట్టీకి రాస్తోంది.

ముందు కోపం వచ్చింది, వెనకే భయం వేసింది.

"నిన్ను పంపించేస్తారే. తెలుస్తోందా?" అన్నాను.

"తెలుసండీ." ఆవిడకి మాట ముద్దముద్దగా వస్తుంది. "అది బాగానే ఎత్తుతుందండీ. ఆగితేనే కదండీ, మీరు గుమ్మంలోంచి వచ్చేది."

గిన్నె తీసి అలమరలో పెట్టాను. ఎందుకో మళ్లీ బయటికి తీశాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరి ఎదుటా ఆవిడ చెయ్యి పట్టుకున్నవాణ్ణి కాదు. ఈ జబ్బు పుణ్యమా అని ఆ చెయ్యి రోజూ నా మెడ మీద పడేది. అది లేకే నేనూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని నాకప్పుడు తెలిసింది.

ఆదివారం ఉతికిన పట్టీలు వేసి, అమ్మాయి దగ్గరుండి మీట నొక్కింది. యంత్రం ఆవిణ్ణి లేపడం మొదలెట్టింది. నేను గుమ్మం వదిలి దగ్గరికెళ్లాను.

"మీరు రానక్కర్లేదు నాన్నగారూ, అదే మోస్తుంది," అంది అమ్మాయి.

"మొయ్యనీ," అన్నాను. అమ్మాయి చూస్తుండగానే ఆవిడ ఎడంచెయ్యి తీసి నా మెడ చుట్టూ వేసుకున్నాను. యంత్రం ఎక్కడా ఆగలేదు.