బావగారు "ఏటి" అన్న మిషను

బెంగాల్లో మేముండే లిలువా కాలనీ మైదానం నిండా చెట్లే. వాటి మొదళ్ళలో గడ్డి తెగక పాములు చేరుతున్నాయని, సిమెంటు వేసేసి కార్లు నిలుపుకుందామంది కమిటీ. పిల్లలు మీ నెత్తిన ఆడుకుంటారా అని దెబ్బలాడాను. సరే, గడ్డి కోసే మిషను చూసి కొనుక్కు రమ్మని నన్నూ, కోశాధికారి అయిన మా బావగారినీ పంపారు.

దుకాణంలో చవకది తోసుకుంటూ పోయేది. చెట్టు దగ్గర మళ్ళీ గడ్డి మిగిల్చేదే. ఖరీదైనది కూర్చుని నడిపేది. ఉన్నచోటే గిర్రున తిరిగి చెట్టు చుట్టూ కోసేస్తుంది. దాని ధర వినగానే బావగారు "ఏటి?" అని కేకేశారు. మా శ్రీకాకుళం వాళ్ళకు ఏటి అంటే ఏమిటని. బెంగాలీలో 'ఇది' అని. దుకాణదారు సంబరంగా బిల్లు రాయసాగాడు.

"నానేటన్నాను, ఈడేటి రాసేస్తన్నాడు! నువ్వు సెప్పమ్మా, నీకు బంగ్లా వొచ్చు కదా!"

వచ్చు, బాగానే వచ్చు. అయినా దిద్దలేదు.

"ఇంకోసారి ఏటి అనండి బావగారూ, అదనపు బ్లేడు కూడా కలిపి రాస్తాడు."

ఆ మిషనే తెచ్చాం. కమిటీలో ఆడదాని దుబారా అన్నారు. అననీ. ఆ మైదానంలోకి సిమెంటు బస్తా ఒక్కటీ రానివ్వలేదు.