లాముసా గాదె

లాముసా నోటికి ఊరంతా జడిసేది. ఒకటంటే రెండు అంటించేది. మొగుడు పోయినా, ఆ తర్వాత కొడుకూ కోడలూ జ్వరమొచ్చి పోయినా ఆ నోరు మూతపడలేదు. ఇంటింటికీ తిరిగి సజ్జలు దంచిపెట్టి మనవరాలు రాస్మాతాను సాకింది. గోడ అవతల ఆమె రోకలి చప్పుడు వింటేనే నాకు తెల్లవారేది.

వానలు మొహం చాటేసిన ఏడు దంచడానికి ఎవరింట్లోనూ గింజ లేదు. పిల్ల కాళ్ళు ఉబ్బాయి. అప్పుడు రాజధాని నుంచి పరిశోధన వాళ్ళు దిగారు, పల్లెల్లో జనం ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడానికట. గాదె ఖాళీ అని తేలిన ఇంటికి కోతల దాకా ధాన్యం ఇస్తారన్నారు. లాముసా ఆ మాట మీదే ఆశ పెట్టుకుని పిల్లకు ఆకులు ఉడకేసి పెడుతూ వచ్చింది.

మా ఖర్మకు వచ్చినవాడు టోయే, సామో తెగ కుర్రాడు. మోసీ తెగవాళ్ళమైన మాకూ సామోలకూ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే బావామరదుల్లా ఏడిపించుకోవాలి, ఎంత మాటన్నా కోపం రాకూడదు. చావింట్లో కూడా సామోవాడే వచ్చి ఏడ్చేవాళ్ళను నవ్వించాలి.

"ఏమే దాసీ, దొర వస్తే చాపైనా వెయ్యవేం?" అన్నాడు టోయే గుమ్మంలోనే.

"మా వాకిలి ఊడ్చే బానిసవి, నీకు చాపొకటా?" అంది లాముసా అలవాటు కొద్దీ. అక్కడే కొంప మునిగింది.

"గాదెలో సజ్జలున్నాయా?"

"బల్లులున్నాయి. పట్టుకుపోయి కూర వండుకో."

వాడు పగలబడి నవ్వాడు. లాముసా మొహంలో మాత్రం నవ్వు పోయింది.

"కాదు నాయనా, నిజంగానే లేవు. పిల్ల నాకు దక్కేలా లేదు."

"నా వాటా కూడా దాచేశావన్నమాట. మోసీ ముసలమ్మలు మాకు గింజ కనబడనిస్తారా?"

"అబ్బాయ్, అది వేళాకోళం కాదు" అన్నాను నేను గోడ మీంచి.

"నువ్వూ వంత పాడుతున్నావా పిన్నీ?"

లాముసా వాడి చొక్కా పట్టుకుంది. "మూత తీసి చూడరా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"వంగి చూస్తే లోపలికి తోసేద్దామనేగా?" అని నవ్వుకుంటూ, సజ్జలున్నాయని రాసుకుని, మోటార్ సైకిలెక్కి పోయాడు. పొద్దుటి నుంచీ ప్రతి ఇంట్లోనూ వాడికి ఇదే ఆట మరి.

ధాన్యం లారీ వచ్చింది. లాముసాకు గింజ ఇవ్వలేదు. మేం పంచిన దోసెడు దేనికీ చాలలేదు. కోతలకు ముందే రాస్మాతా పోయింది. వాడి మీద నాకు కడుపు రగిలిపోయింది. ఆచారం ప్రకారం కోపం రాకూడదట.

మరుసటి ఏడు టోయే మళ్ళీ వచ్చాడు, ఏం మారిందో అడగడానికి.

"దాసీ, ఇంకా బతికే ఉన్నావా? పిల్లేదీ, దాన్ని కూడా గాదెలో దాచావా?"

లాముసా లోపల్నుంచి చాప తెచ్చి పరిచింది.

"కూర్చో నాయనా. దాన్ని పూడ్చిన రోజు ఊళ్ళో ఒక్క సామోవాడూ లేడు. నన్ను నవ్వించేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడొచ్చావుగా, నవ్వించు."