పిల్లలకు ‘గారు’, పెద్దలకు ‘ఏమ్‌రా’

“ఇప్పుడే క్లిప్పులు వేయించకపోతే మా పాప పళ్ళు జీవితాంతం ఇలాగే ఎత్తుగా ఉండిపోతాయేమో డాక్టర్ గారూ!”

డాక్టర్ గారు నావైపు కన్నెత్తి చూడలేదు. మా ఎనిమిదేళ్ళ హరిణికి వంగి నమస్కారం పెట్టారు.

“నమస్తే హరిణి గారు! కూసోండ్రి. మీ వెంట వచ్చిన గీయన ఎవరు?”

“మా నాన్న,” అంది హరిణి, నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని.

“జర ఫికర్ ఎక్కువనా?”

“చాలా ఎక్కువ.”

“ఏమ్‌రా, గా స్టూల్ మీద కూసో,” అన్నారు నాతో.

పంజాగుట్టలో వంకర పళ్ళు సరిచేసే మొగిలయ్య డాక్టర్ గారికి ఉన్న తిక్క ఇదొక్కటే. పిల్లలందరూ ఆయనకు ‘గారు’. మిగతా మానవజాతి ‘ఏమ్‌రా’. మెత్తటి కుర్చీలు పిల్లలవి, పెద్దవాళ్ళకు ప్లాస్టిక్ స్టూళ్ళు. మధురానగర్‌లో మా పక్కింటావిడ ముందే చెప్పింది: “హస్తవాసి మంచిదండీ. నోరే కొంచెం...”

ఏడాదిన్నరగా చూస్తున్నాను, ఎవరికీ మినహాయింపు లేదు. శ్రీనగర్ కాలనీ నుంచి దుర్గేష్ గారని, బ్యాంకులో పెద్ద ఆఫీసరు ఒకాయన వచ్చారు. తీగలూ క్లిప్పులూ వద్దు, పైకి కనిపించని పారదర్శకమైన తొడుగులే కావాలన్నారు.

“అవి దినానికి ఇరవై రెండు గంటలు పండ్లకే ఉండాలె. తినెటప్పుడు, చాయ్ తాగెటప్పుడు తీయాలె. ఎన్ని చాయ్‌లు తాగుతవ్‌రా?”

“ఎనిమిది... తొమ్మిది.”

“మరి పెట్టుకునేదెప్పుడు? పంటి రంగు క్లిప్పులు వేస్త, దూరానికి కనవడవు.”

“ఈ వయసులో పళ్ళు కదులుతాయంటారా?”

“చిగుళ్ళు గట్టిగుంటే యాభైల సుత కదులుతయ్. జర నెమ్మది. పిల్లలు చెప్పినమాట వింటరు, మీరు వినరు. గదే పెద్ద తేడా.”

అదే రోజు నాలుగేళ్ళ అనుదీప్‌ను వాళ్ళమ్మ ఎత్తుకొచ్చింది. బొటనవేలు నోట్లోనే ఉంది.

“అనుదీప్ గారు, వేలు చీకుడు ఎప్పుడు బంద్ చేస్తరో తమరే చెప్పాలె.”

అనుదీప్ గారు వేలు తీసి, బాగా ఆలోచించి, “రేపు కాదు, ఎల్లుండి,” అన్నారు. డాక్టర్ గారు డైరీలో రాసుకున్నారు. ఎల్లుండి నిజంగానే మానేశాడట. లోకంలో తన మాట ఎవరో రాసుకోవడం వాడికి అదే మొదటిసారి మరి!

ఇక మా మొదటి రోజు సంగతి. హరిణి నోటి మీద చెయ్యి తియ్యనంటోంది. బతిమాలాను, కళ్ళెర్రజేశాను. డాక్టర్ గారు మాత్రం తీరిగ్గా నా మీద పడ్డారు.

“ఏమ్‌రా, గా సంచిలేంది?”

“పళ్ళ మీద పరిశోధనా పత్రాలండీ, ఇరవై మూడు. నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ.”

“గిన్ని సదివినవ్. నీ కింది పండ్లు పొద్దుగాల అమీర్‌పేట మెట్రోల జనం లెక్క ఒకదాని మీద ఒకటి ఎక్కినయ్. గవి సూస్కున్నవా?”

హరిణి పకపకా నవ్వింది. చెయ్యి జారిపోయింది. తల వెనక్కి వాల్చి మరీ నవ్వుతుంటే, డాక్టర్ గారు చిన్న అద్దం పెట్టి నోరంతా చూసేశారు.

ఎక్స్‌రే కూడా అయ్యాక చెప్పారు. “దవడ మంచిగున్నది. పెద్ద పండ్లు ఇప్పుడే దిగుతున్నయ్. కోరపండ్లు వచ్చినంక గీ ముందటి పండ్ల నడిమి సందు చానామటుకు మూస్కపోతది. ఎత్తు ఎంత మిగుల్తదో అప్పుడు సూద్దాం. అప్పటిదాక క్లిప్పులు వద్దు. ఆర్నెల్లకోసారి చూపియ్యి. నీకు మాత్రం తీగ పడాలె.”

పాప కోసం వెళ్ళి నేను ఇరుక్కున్నాను.

“హరిణి గారు, చెయ్యి అడ్డం పెట్టుకొమ్మని ఎవరు చెప్పిన్రు?”

“ఎవరూ చెప్పలేదు. ఫొటో తీసేటప్పుడు నాన్న మూతి మూసుకోమంటాడు కదా, అందుకని...”

ప్లాస్టిక్ స్టూల్ ఇంకా కిందికి ఉంటే బాగుండేదనిపించింది. ఫొటో చూసుకుని అది బాధపడుతుందనే అలా అనేవాణ్ణి. డాక్టర్ గారు తిడతారనుకున్నాను, తిట్టలేదు. హరిణిని చేపల తొట్టి చూడమని బయటికి పంపి మెల్లగా అన్నారు.

“ఎత్తుపండ్ల పిల్లలకు బడిల మస్తు పేర్లు పెడతర్‌రా. నాకు సుత పెట్టిన్రు. గీ గదిలనన్న ‘గారు’ అని పిలిపించుకోనియ్యి.”

“మరి మమ్మల్ని ‘ఏమ్‌రా’ అనేది?”

“అమ్మానాయినలు తిట్లు తింటుంటే ఏ పోరడన్న నవ్వకుంట ఉంటడా? నవ్వితే నోరు తెరుస్తడు. నా పని అయిపోతది.”

గుమ్మం దాకా వచ్చి ఇంకో మాటన్నారు. “ఫొటో తీసెటప్పుడు మూతి మూసుకొమ్మనకు. ముందుగాల నువ్వే నీ పండ్లన్నీ బయటవెట్టి నవ్వు. బిడ్డ నవ్వినంకనే తీయి.”

అప్పటినుంచి అలాగే తీస్తున్నాను. ఒక్క ఫొటో కూడా కదలకుండా రావడం లేదు.