గుడ్డ కింద చేతులు

లెమ్యుయెల్ పెట్‌వేకి అరవై నాలుగేళ్లు. అలబామాలో, ఉక్కు మిల్లు మూతపడ్డ ఒక ఊళ్లో, ముప్పై ఎనిమిదేళ్లుగా మంగలి షాపు నడుపుతున్నాడు. పెళ్లికైనా, చావుకైనా, కోర్టు వాయిదాకైనా ఆ వీధి మగవాళ్లు ముందు ఆయన దగ్గర తలవంచాల్సిందే. శనివారమైతే షాపంతా వాదనలే. బడులు పాడయ్యాయని ఒకరు, పనుల్లేవని ఇంకొకరు, జైళ్లు మన నల్లపిల్లలతోనే నిండుతున్నాయని మరొకరు. అందరూ అయ్యాక లెమ్యుయెల్ తన మాట చెప్పేవాడు: ముందు మన నడత దిద్దుకోవాలి, పోలీసు ఆపితే నిటారుగా నిలబడి ‘సర్’ అనాలి, అప్పుడు ఏ గొడవా రాదు. ఇద్దరు కొడుకుల్నీ ఆ మాట మీదే పెంచాడు.

ఆ శనివారం పొద్దున కుర్చీలో డెరియన్ కూర్చున్నాడు. హైస్కూల్లో సైన్సు టీచరు. మధ్యాహ్నం చెల్లెలి పెళ్లి. గడ్డానికి నురగ, మెడ నుంచి మోకాళ్ల దాకా నల్లగుడ్డ.

“టై కట్టుకున్నా ఆపుతారు మిస్టర్ పెట్‌వే. నన్ను నిరుడు మూడుసార్లు ఆపారు.”

“నువ్వెంత మర్యాదగా మాట్లాడావో నేను చూళ్లేదుగా,” అంటూ లెమ్యుయెల్ కత్తిని అతని గొంతు మీదికి తెచ్చాడు.

తలుపు దడాలున తెరుచుకుంది. ఇద్దరు పోలీసులు తుపాకులు చాపి లోపలికొచ్చారు. తుపాకీ పట్టుకున్నవాడొకడు ఈ షాపులో దూరాడని ఎవరో ఫోన్ చేశారట. అందరూ చేతులు చూపాలన్నారు. బెంచీ మీదివాళ్లు చేతులెత్తారు. డెరియన్ చేతులు గుడ్డ కింద ఉన్నాయి.

వయసులో చిన్నవాడైన పోలీసు తుపాకీ అతని ఛాతీ వైపు తిప్పాడు. “చేతులు! నిన్నే!”

డెరియన్ చేతులు తియ్యబోయాడు. గుడ్డ ఉబ్బింది. పోలీసు వేలు బిగుసుకోవడం లెమ్యుయెల్ కళ్లారా చూశాడు.

“కదలకు నాయనా,” అన్నాడు. తర్వాత, ఒక్కో మాటా కూడదీసుకుంటూ: “సర్, గడ్డం గీయించుకోడానికొచ్చాడు. వట్టి చేతులే. ముందు నేను కత్తి బల్ల మీద పెడతాను సర్. తర్వాత రెండు వేళ్లతో గుడ్డ ఎత్తుతాను. చూస్తూ ఉండండి సర్.”

కత్తి పెట్టాడు. గుడ్డ ఎత్తాడు. డెరియన్ అరచేతులు తొడల మీద వెల్లకిలా ఉన్నాయి.

ఇంతలో వాళ్ల రేడియో పలికింది. వెతుకుతున్న మనిషి రెండు వీధుల అవతల దొరికాడు. పోలీసులు తుపాకులు దించి వెళ్లిపోయారు.

లెమ్యుయెల్ మళ్లీ కత్తి అందుకోబోయాడు. అందుకోకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్క కుర్చీ దగ్గర పనిచేసే క్లైడ్‌ని పిలిచి మిగతా గడ్డం గీయమన్నాడు.

“మూడుసార్లు సర్ అన్నారు,” అన్నాడు డెరియన్. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

“అన్నాను. బతికాం. గుడ్డ కింద చేతులుండటమే నేరమవుతుందని మాత్రం నా కొడుకులకి నేర్పలేదు.”

మంగళవారం నగర పాలక సభ జరిగింది. అదంతా వట్టి వాగుడని అన్నాళ్లూ అటు తొంగిచూడని లెమ్యుయెల్, షాపు పెందలాడే కట్టేసి వెళ్లాడు. మాట్లాడటానికి ఒక్కొక్కరికీ రెండే నిమిషాలు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. విచారిస్తామన్నారు. ఏడు వారాల తర్వాత ఉత్తరం వచ్చింది: పోలీసులు నిబంధనల ప్రకారమే నడుచుకున్నారట.

లెమ్యుయెల్ దాన్ని రెండుసార్లు చదివాడు. మడిచి కోటు జేబులో పెట్టుకుని, తర్వాతి సభలో మాట్లాడేవాళ్ల జాబితాలో పేరు రాయించడానికి నడిచి వెళ్లాడు. ఆయన వెళ్లేసరికి అక్కడ డెరియన్ వరసలో నిలబడి ఉన్నాడు.