కాపలావాడి ఆత్రం

కంప్యూటరు ఆటలను నడిపే కోడు రాసే ఆమెను, ఊరికే ఏమైందని అడుగుతుందని, ఇంట్లో "ఏమైందమ్మ" అని ఏడిపిస్తారు. ఆ మధ్యాహ్నం మేనేజరుకు చూపాల్సిన ఆట నత్తలా పాకుతోంది, పరుగెత్తకపోతే అటకెక్కడమే. అంత హడావిడిలోనూ, పాపకు జ్వరమని భర్తకు ఫోను మీద ఫోను.

"తగ్గిందా?"

"ముందు థర్మామీటరు పెట్టనీ తల్లీ! నీకు జవాబు చెప్పడానికే సరిపోతోంది, ఇంక పాపను ఎప్పుడు చూడను?"

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఆగాయి. ఆటలోని కాపలావాడూ అంతే. తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, అంటే సెకనుకు అరవైసార్లు, "దొంగ వచ్చాడా?" అంటూ దొంగను వెతికే అదే కోడు ముక్కను పిలుస్తున్నాడు. వాడికి జవాబు చెప్పడానికే కంప్యూటరుకు సరిపోతోంది. వాణ్ణి అచ్చం తనలాగే రాసింది! అర సెకనుకోసారి అడిగితే చాలని టైమరు పెట్టింది.

తెర మీద ఆట నీళ్లలా సాగింది. కాపలావాడు తీరిగ్గా నడిచి దొంగను పట్టుకున్నాడు.

"ఏం చేశావమ్మా, ఇంత హాయిగా నడుస్తోంది?" అన్నాడు మేనేజరు.

"వాడికి కాస్త ఓపిక నేర్పానండీ," అంది, ఓపికంతా తన సొత్తే అయినట్టు.