సితార్ తీగలు వేసిన గిటారు

పట్నంలో చదువుకునే రోజుల్లో, బ్యాండులో వాయించే ఒకాయన దగ్గర పాత గిటారు కొనుక్కున్నాను. నాకు అబ్బని విద్యలు చాలా ఉన్నాయి గానీ ఇది కాస్త అబ్బింది. మహబూబ్‌నగర్‌లో గుమాస్తా ఉద్యోగం వచ్చి, పెళ్లయ్యాక, కిరాయి ఇంట్లో సాయంత్రాలు వాయించేవాణ్ణి. మా ఆవిడ వంటింటి గడపలో కూర్చొని వినేది. బాగుందని ఎన్నడూ అనలేదు. లేచి పోనూ లేదు. నాకంత చాలు.

మా మొదటి కొడుకు నెల తిరగకుండానే పోయాడు. ఇంటి యజమానురాలు, ముసలవ్వ, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"పసిగుడ్డుకు ఏడాది ఉండది బిడ్డా. మూడొద్దులే. ఇగ పనుల పడుండ్రి."

ఆచారం అదే. పెద్దలు పోతే ఏడాది దాకా ఇంట్లో పాట ఉండదు, పండుగ ఉండదు. పసివాళ్లకు మూడు రోజుల మైలే, మాసికాలు లేవు, ఏడాదీ లేదు. నేను ఆఫీసుకు పోయాను గానీ, గిటారును మేకుకు తగిలించేశాను. లోకం వాడికి ఇవ్వని ఏడాదిని నేను లోలోపల ఇస్తున్నాను. ఆమెకు చెప్పలేదు. ఆమె అడగలేదు. మా మాటలు ఉప్పు అయిపోయింది, పప్పు అయిపోయింది అన్న దగ్గరే ఆగిపోయాయి.

ఏడాది నిండవస్తుంటే దింపి చూశాను. తీగలు తుప్పుపట్టి, ముట్టుకుంటే పుటుక్కుమన్నాయి. చెక్క మాత్రం నాకన్నా గట్టిగా ఉంది. కొత్తది కొనడం నా జీతానికి అందని మాట. అందుకని గడియార స్తంభం దగ్గరి సందులో హార్మోనియంలు, డోలక్‌లు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను.

"ఇంగ్లీషు తీగలు పట్నంల దొరుకుతయి సాబ్. బస్సు కిరాయి గూడ తీగల మీదనే పడతది," అన్నాడాయన. "సితార్ తీగ ఏస్త. మీ గిటార్‌కు ఫరక్ తెల్వది."

ఏడాదిగా వాయించకపోయినా నా వేళ్లకు తెలుస్తుంది కదా అన్నాను.

"ఏడాది పనిలేని వేళ్లకు ఏమెరుకైతది?"

సన్నవాటికి ఉక్కు తీగ, లావువాటికి ఇత్తడి తీగ వేశాడు. పాత చెక్క ఓర్చుకోలేదనీ, వదులుగానే బిగించమనీ చెప్పాడు. మీటడానికి విరిగిన కొమ్ము దువ్వెన ముక్క అరగదీసి ఇచ్చాడు. తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఇంట్లో ఈ తీగలు లాగితే ఏ డొంక కదులుతుందోనని దారి పొడుగునా అదే గుబులు. మళ్లీ వాయించాలని ఉంది. ఆ చప్పుడు ఆమె గుండెలో గుచ్చుకుంటే మాత్రం వాయించలేను.

ఆదివారం మధ్యాహ్నం, ఆమె వంటింట్లో బియ్యం చెరుగుతుంటే, తీగల కింద ఒక పాత బట్ట మడిచి దూర్చాను. అలా చేస్తే మోత పోయి టుక్కుటుక్కుమనే చప్పుడే మిగులుతుంది. గిటారు మెట్లు ఎక్కడం నా వేళ్లు మరిచిపోయాయి. మోకాళ్లు మెట్లెక్కడం మరిచింది మాత్రం ఈ మధ్యనే, ఈ ముసలితనంలో.

ఆమె చేట పట్టుకొని గడపలోకి వచ్చింది.

"గా బట్ట తియ్యుండ్రి," అంది. "ఏడాది నిన్నటితోని అయిపోయింది."

నేను గిటారు మీంచి తల ఎత్తాను.

"ఏడాది మీరొక్కరే పట్టిన్రనుకున్నరా?"

అప్పుడు తెలిసింది. ఆ ఏడాది పండుగలకు బెల్లం పోలెలు చేసి నాకు వడ్డించిందే గానీ, తాను తినగా నేను చూడలేదు. చూడలేదన్న సంగతి కూడా నేను చూసుకోలేదు.

బట్ట తీశాను. ఇత్తడి తీగ బొంగురుగా మోగింది. శ్రుతి లేదు, లయ లేదు, వేళ్ల కొసలు మంటలు. ఆమె గడపలో కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. వాణ్ణి మట్టికిచ్చి వచ్చిన నాడు కూడా ఆమె అట్లా ఏడవలేదు. నా చెయ్యి ఆగబోయింది. ఆమె తల ఎత్తకుండానే, కానియ్యమన్నట్టు చెయ్యి ఊపింది.

చీకటి పడి, దీపం పెట్టే వేళ దాకా వాయించాను.