పొగగొట్టం కింద దేవుడి గూడు

నా చిన్నప్పుడు విదేశంలో, డునెడిన్ అనే చలి ఊళ్ళో మేమున్నది పాత చెక్క ఇల్లు. చలికాలం వచ్చిందంటే బయటికంటే లోపలే ఎక్కువ వణికేవాళ్ళం. ముందుగది గోడలో ఎవరూ వాడని చలిమంట పొయ్యి ఒకటి ఉండేది. మా అమ్మ హాస్పిటల్ డ్యూటీలకు వెళ్తుంటే, నన్ను చూసుకోవడానికి మా అమ్మమ్మ కాకినాడ నుంచి వచ్చింది. ఆ పొయ్యిని చూసి ముచ్చటపడిపోయింది. అచ్చం దేవుడి గూడులా ఉందంటూ దాన్ని కడిగి, పసుపు రాసి, పటాలు పెట్టేసింది.

అక్కడే వచ్చింది తంటా. తలుపులన్నీ మూసి ఉన్నా, అమ్మమ్మ వెలిగించిన దీపం కాసేపటికే ఆరిపోయేది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ అంతే. మా నాన్న "గాలికి ఆరుతోంది అత్తయ్యగారూ, దానికేముంది!" అని నవ్వేసేవారు. ఆ నవ్వుకి ఆవిడకు ఒళ్ళు మండేదే గానీ భయం తగ్గేది కాదు.

"మూసిన గదిలో గాలెక్కడిదే? నేనిక్కడ ఉండటం ఆ దేవుడికే ఇష్టం లేదు. మీ నాన్నతో చెప్పు, టికెట్ తీయమను" అంది ఒకరోజు నాతో. అమ్మమ్మ వెళ్ళిపోతే స్కూలు నుంచి ఖాళీ ఇంటికి రావాలి. అది తలచుకుని, పరుగున వెళ్ళి పక్కింటి ఆంటీ దగ్గర ఏడ్చేశాను.

ఆ ఆంటీ తెల్లావిడ, ఒక్కతే ఉండేది. రోజూ మా వంటగదిలో అమ్మమ్మతో కలిసి టీ తాగేది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా కబుర్లకేమీ లోటుండేది కాదు. ఆవిడ వచ్చి నవ్వలేదు, వాదించలేదు. ఒక అగరొత్తి వెలిగించి అమ్మమ్మ చేతికిచ్చి, రమ్మని సైగ చేసింది. ఇద్దరూ గది చుట్టూ మెల్లగా నడిచారు. కిటికీ దగ్గర పొగ వణికింది. తలుపు కింద పక్కకు వంగింది. దేవుడి గూటి ముందుకు రాగానే నేరుగా అమ్మమ్మ మొహానికే కొట్టింది. ఆంటీ ఆవిడ చెయ్యి పట్టుకుని గూటి పైనున్న పొగగొట్టంలో పెట్టించింది. ఆ రోజు ఈదురుగాలి, లోపలికి జివ్వుమని దిగుతోంది.

"ఓరి నాయనో! స్వామిని తీసుకెళ్ళి గాలిగొట్టం కింద కూర్చోబెట్టానా!" అని అమ్మమ్మ లెంపలేసుకుంది.

ఇక చూడాలి ఆవిడ హడావుడి! గొట్టంలో గుడ్డ కూరితే దాని కింద నిప్పు పెట్టకూడదని ఆంటీ అంటే, నేను తెలుగులో చెప్పాను. ముందు పటాలు ఎదురుగోడ అరలోకి చేరాయి. తర్వాత అమ్మమ్మ పాత నేతచీర చింపి సంచులు కుట్టింది, ఆంటీ తన ఇంట్లోని గొర్రె ఉన్ని తెచ్చి కూరింది. లావుపాటి సంచి పొగగొట్టంలోకి, సన్నగా పొడుగ్గా కుట్టినవి తలుపుల కిందికి. ఆ సాయంత్రం దీపం నూనె అయిపోయేదాకా వెలిగింది. గది వెచ్చబడింది. టికెట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నా ఆనందానికి హద్దుల్లేవు.

ఇప్పుడు నేనే అమ్మమ్మను. ఆ రోజు నాన్న చెప్పిందీ నిజమే, ఆంటీ చూపించిందీ అదే నిజం. కానీ నాన్న నవ్వు అమ్మమ్మను ఒంటరిని చేసింది. అందుకే మా మనవరాలు గరాజ్‌లో ఏదో ఉందని బెదిరిపోయి వస్తే, ఏమీ లేదు పొమ్మనను. లేచి, దాని చెయ్యి పట్టుకుని, "పద, ఇద్దరం చూద్దాం" అంటాను.